బధిరత్వము, భాష, మెదడు

మన దేశమున చెవికి లభించిన గౌరవము కంటికి సయితము లభింపలేదని చెప్పవచ్చును. మన పూర్వులు వేదమునకు శ్రుతి యని పేరిడిరి. మిక్కిలి చదివినవానిని బహుశ్రుతుడనిరి. గురుముఖమున వినినదే విద్య యనియు, వినని విద్య విద్య కాదనియు తలచిరి. విద్యను ఇంతగా చెవికి ముడివేసిన సంఘములో చెవి లేనివాని స్థితి యెట్లుండునో చదువరులు ఊహింపగలరు. వినికిడి లేదు కావున వానికి మాట లేదు; మాట లేదు కావున వానికి బుద్ధియు లేదు అని లోకము తీర్మానించుకొన్నది. ఈ తీర్మానములోని మొదటి భాగము కొంత నిజము. రెండవ భాగము అబద్ధము. ఆ అబద్ధము చరిత్రలో ఎన్ని వేషములు వేసినదో, మనుష్యుని మెదడును బ్రదికియుండగనే చిత్రించు యంత్రములు పుట్టిన తరువాత అది ఎట్లు వీగిపోయినదో ఈ వ్యాసమున చెప్పదలచినారము.

ముందుగా ధర్మశాస్త్రముల సంగతి చూతము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము దాయభాగమునకు అర్హులు కానివారిని పేర్కొనుచు పుట్టుగ్రుడ్డులను, పుట్టుచెవిటివారిని, మూగలను, ఉన్మత్తులను ఒకే వరుసన నిలిపినది. ఈ దోషము మనదొక్కటియే యని తలపరాదు. క్రీ. శ. ఆరవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి కూర్పించిన రోమను ధర్మశాస్త్రము సయితము పుట్టుకతో చెవిటియు మూగయు అయినవానికి మరణశాసనము వ్రాయు అధికారము లేదన్నది. మన దేశమున ఈ అన్యాయము 1928వ సంవత్సరపు హిందూ దాయానర్హతా నివారణ చట్టముతో గాని తొలగలేదు. వేయేండ్లకు పైగా ఒక బిడ్డ తన తండ్రి యింటిలో హక్కు లేనివాడై పెరిగినాడు. అందుకు కారణము వాని బుద్ధిని ఎవరైనను పరీక్షించి చూచుట కాదు. వాని చెవిని మాత్రము చూచుట.

ఐరోపా ఖండమున ఈ నమ్మకమును మొదట కదల్చినవాడు స్పెయిను దేశపు సన్న్యాసి పేద్రో పోన్సే. పదునారవ శతాబ్దమున ఆయన ప్రభువుల యిండ్లలోని బధిర బాలురకు చదువను, వ్రాయను, పలుకను నేర్పెను. 1760 ప్రాంతమున పారిసు నగరమున అబే ద లెపే యను మతగురువు బీద బధిరులకు పాఠశాల తెరచి, వారు తమలో తాము వాడుకొను సైగలనే బోధనకు సాధనముగ గ్రహించెను. 1778వ సంవత్సరమున జర్మనీలోని లైప్సిగు పట్టణమున సామ్యుయేలు హైనికె వేరొక పాఠశాల స్థాపించి, నోటిమాట లేక ఆలోచన పొసగదని వాదించెను. ఈ యిరువురి నడుమ పుట్టిన వివాదము రెండు శతాబ్దముల కాలము నడచినది.

ఆ వివాదము 1880వ సంవత్సరమున ఇటలీలోని మిలాను నగరమున ఒక విధముగ ముగిసినది. బధిర విద్యను గూర్చి అచట కూడిన అంతర్జాతీయ సభ సైగల కంటె నోటిమాటయే శ్రేష్ఠమని 160 వోట్లతో తీర్మానించెను. ఎదురు వోట్లు నాలుగు మాత్రమే. ప్రతినిధులు దాదాపు అందరును వినగలవారు. ఎవరి భాషను గూర్చి విచారణ జరుగుచున్నదో వారిని అడిగినవారు లేరు. ఆ మీదట అనేక దేశముల పాఠశాలలలో సైగలు నిషేధింపబడెను. బధిరులైన ఉపాధ్యాయులు తమ పనులు కోల్పోయిరి. పిల్లలు తమకు వినరాని మాటలను ఉపాధ్యాయుని పెదవులమీద వెదకుకొనుచు బాల్యము గడపిరి. పెదవులను చూచి మాట నేర్చినవారు లేకపోలేదు. నేర్వలేకపోయినవారికి మాత్రము ఏ భాషయు మిగులలేదు. 2010వ సంవత్సరమున కెనడాలోని వాంకూవరు నగరమున కూడిన అదే పరంపరలోని సభ మిలాను తీర్మానములను త్రోసిపుచ్చి, వాని ఫలితములకు విచారము వెలిబుచ్చెను. ఆ విచారము వెలువడుటకు నూటముప్పది యేండ్లు పట్టినది.

పండితులు ఇట్లు వాదించుకొనుచుండగా భౌతికశాస్త్రజ్ఞులు వేరొక త్రోవ పట్టిరి. విద్యుద్ఘటమును కనిపెట్టిన వోల్టా 1800వ సంవత్సరమున తన రెండు చెవులలోను లోహపు కడ్డీలుంచుకొని విద్యుత్తును ప్రసరింపజేసికొనెను. తలలో ఒక అదురు పుట్టినదనియు, తరువాత చిక్కని పదార్థము కుతకుత ఉడుకుచున్నట్టి చప్పుడు వినవచ్చినదనియు ఆయన లండనులోని రాయల్ సొసైటీకి తెలిపెను. ప్రయోగము ప్రమాదకరమని గ్రహించి మరల చేయలేదు. చెవికి శబ్దము చేరకున్నను విద్యుత్తు వలన వినికిడి కలుగవచ్చునను భావమునకు అదియే బీజము.

ఆ బీజము మొలకెత్తుటకు చెవి నిర్మాణము తెలియవలసి వచ్చెను. లోపలి చెవియందు నత్తగుల్లవలె చుట్టుకొన్న సన్నని గొట్టమొకటి గలదు. దానిని కాక్లియా యందురు. అందు సుమారు 15,000 రోమకణములు బారులు తీరియుండును. శబ్దము లోపలి ద్రవమును కదల్పగా ఈ కణములు ఊగి, ఆ ఊపును విద్యుత్సంకేతములుగ మార్చి, సుమారు 30,000 తంతువులు గల శ్రవణనాడికి అందించును. వీణపై ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క స్వరము పలుకునట్లు ఈ గొట్టమున ఒక్కొక్క తావు ఒక్కొక్క స్థాయికి స్పందించును: మొదట హెచ్చుస్థాయి, కొనను తగ్గుస్థాయి. బధిరులలో అనేకులకు చెడినవి ఈ రోమకణములే; నాడి చాలవరకు నిలిచియే యుండును. వంతెన కూలినదే గాని ఆవలి బాట చెడలేదన్నమాట.

1957వ సంవత్సరమున పారిసులో జూర్నో, ఏరియే యను నిరువురు వైద్యులు ఒక బధిరుని లోపలి చెవియందు తీగె నమర్చి విద్యుత్తు నంపగా అతడు శబ్దముల లయను గుర్తింపగలిగెను. ఆ యంత్రము కొలదికాలములోనే చెడిపోయెను. 1961లో లాస్ ఏంజలెసు నగరమున విలియం హౌస్ ఒంటితీగె యంత్రములతో ప్రయత్నము సాగించెను. ఒంటితీగె యంత్రము వీణకు ఒకే మెట్టున్నట్టిది. తలుపు చప్పుడు తెలియును గాని మాట తెలియుట దుర్లభము. 1977వ సంవత్సరమున వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోక్‌మేర్ దంపతులును, 1978 ఆగస్టు 1వ తేదీన మెల్బోర్నులో గ్రేమ్ క్లార్కును అనేక ఎలక్ట్రోడులు గల యంత్రములను రోగులకు అమర్చిరి. క్లార్కు తండ్రి మందుల అంగడి నడపినవాడు, చెవుడు గలవాడు. నత్తగుల్ల మెలికలలోనికి తీగెను చొప్పించు ఉపాయము తోచక క్లార్కు చింతించుచుండి, 1977లో ఒక సముద్రతీరమున గుల్ల నొకదానిని చేతబట్టి అందు గడ్డిపరకను దూర్చి చూచెను. మొదలు గట్టిగను కొన మెత్తగను ఉన్న పరక మెలికలు తిరుగుచు లోనికి పోయెను. తీగెయు అట్లే ఉండవలెనని ఆయన గ్రహించెను. 1991లో అమెరికాలో బ్లేక్ విల్సన్ మొదలగువారు మాటను ముక్కలుచేసి ఎలక్ట్రోడులకు ఒకదాని వెంట నొకటి వేగముగ పంచు పద్ధతిని ప్రకటించిన పిమ్మట మాట తెలియుట మిక్కిలి మెరుగుపడెను. క్లార్కు, ఇంగెబోర్గ్ హోక్‌మేర్, విల్సన్ అను ముగ్గురికి 2013లో లాస్కర్ బహుమతి లభించెను.

ఇచట ఒక చిక్కు వచ్చినది. ఒకే విధమైన యంత్రము, ఒకే విధమైన శస్త్రచికిత్స. అయినను ఒక బిడ్డ రెండేండ్లలో మాటాడసాగును. వేరొక బిడ్డకు శబ్దము వినబడును గాని మాట తెలియదు. పండ్రెండు మొదలు ఇరువదిరెండు వరకు గల ఎలక్ట్రోడులు వేలకొలది రోమకణముల పని చేయవలెనన్న మెదడు ఎంతయో సర్దుకొనవలసి యుండును. కావున ఈ భేదమునకు కారణము చెవిలో గాక మెదడులో వెదకవలసి వచ్చెను. బధిరుల చరిత్రలో ప్రశ్న చెవినుండి మెదడునకు మారినది ఇచటనే.

మెదడులో భాషకు తావు గలదని 1861లో పారిసు వైద్యుడు బ్రోకాయు, 1874లో జర్మను వైద్యుడు వెర్నికెయు మృతుల మెదళ్లను పరీక్షించి చూపిరి. బ్రదికియున్నవారి మెదడు పనిచేయు తీరును చూచుటకు మాత్రము ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చెను. 1929లో హాన్స్ బెర్గర్ తలపై తగిలించిన తీగెలతో మెదడు విద్యుత్తరంగములను వ్రాయు పద్ధతిని ప్రకటించెను. 1970 తరువాత పెట్ అను యంత్రము వచ్చినది. స్వల్ప రేడియో ధార్మికత గల పదార్థమును రక్తమున ప్రవేశపెట్టి, మెదడులో ఏ భాగము హెచ్చుగ రక్తమును గాని చక్కెరను గాని వాడుకొనుచున్నదో ఇది పసిగట్టును. 1990 తరువాత అయస్కాంత బలముతో రక్తములోని ప్రాణవాయువు మార్పులను కనిపెట్టు పద్ధతి వచ్చెను. రాత్రివేళ వీథిలో నిలిచి, పెద్ద మేడలో ఏ గదిలో దీపము వెలుగుచున్నదో చూచి, లోనివారు ఏ గదిలో పని చేయుచున్నారో ఊహించుట వంటిదే ఈ విద్య యంతయు. అయస్కాంత యంత్రము కాక్లియర్ అమరిక గలవారికి సరిపడదు, అమరికలోనే అయస్కాంతమున్నది. దాని రొదయు వినికిడి పరీక్షకు అడ్డము. కావున వారి విషయమున పెట్ యంత్రమును, విద్యుత్తరంగములను, పుర్రె గుండ ఎఱ్ఱని కాంతిని ప్రసరింపజేసి రక్తపు మార్పులను గ్రహించు నూతన పద్ధతిని వాడుచున్నారు.

ఈ దీపములు చూపిన మొదటి సంగతి సైగల భాషను గూర్చినది. అమెరికా పండితుడు విలియం స్టోకో 1960లోనే సైగలకు వ్యాకరణము గలదని చూపెను. 1987లో పాయిజ్నర్, క్లీమా, బెలూగీ అనువారు, ఎడమ మెదడు దెబ్బతిన్న బధిరులు సైగల భాషను కోల్పోవుదురని తమ గ్రంథమున నిరూపించిరి. వినగలవారు మాటను కోల్పోవునదియు ఆ యెడమ మెదడు చెడినప్పుడే. 1999లో జపానుకు చెందిన నిషిమురా మొదలగువారు పుట్టుబధిరులకు సైగల భాషను చూపి, ఆ సమయమున కణత లోపల శ్రవణమునకు నియతమైన మెదడు భాగము వెలుగుట పెట్ యంత్రమున కనుగొనిరి. 2000లో పెటీటో మొదలగువారు పదునొకండుగురు బధిరులను పరీక్షించి అట్టి ఫలితమునే ప్రకటించిరి. చేతులతో పలికిన మాటను మెదడు మాటగనే ఆలకించినది! హైనికె వాదమునకును, మనుస్మృతి వరుసకును ఇంతకంటె సూటియైన సమాధానము మఱియొకటి దొరకదు. భాష చెవిలో లేదు, నాలుకపై లేదు, భాషకు చెవి ఒక ద్వారము, కన్ను వేరొక ద్వారము.

రెండవ సంగతి కాలమును గూర్చినది. మెదడులో ఏ భాగమును పనిలేక ఊరకుండదు. దున్నని పొలమును ఇరుగుపొరుగు రైతులు కలుపుకొన్నట్లు, శబ్దము రాని శ్రవణభాగమును ఇతరేంద్రియములు కొంత ఆక్రమించుకొనును. కదలెడు చుక్కలను చూచినపుడు బధిరుల శ్రవణభాగము స్పందించునని 2001లో ఫిన్నీ మొదలగువారు చూపిరి. ఆ యేడే కొరియా దేశపు లీ మొదలగువారు బధిర బాలురకు శస్త్రచికిత్సకు ముందు పెట్ పరీక్ష చేసిరి. శ్రవణభాగము చక్కెరను తక్కువగ వాడుకొనుచున్నవారే, అనగా ఆ పొలము ఇంకను ఖాళీగ ఉన్నవారే, అమరిక తరువాత మాటను బాగుగ గ్రహించిరి. 2002లో అమెరికాలో శర్మ మొదలగువారు 104 మంది పుట్టుబధిర బాలుర మెదడు తరంగములను కొలిచిరి. మూడున్నర యేండ్లు నిండక పూర్వము అమరిక పొందినవారి మెదడు వినగల బాలుర మెదడువలెనే వేగముగ స్పందించెను. ఏడేండ్లు దాటినవారిలో చాలవరకు అట్లు జరుగలేదు. తలుపు ఒక్కసారిగ మూసికొనదు గాని యేటికేడు చేరవేయబడుచుండును.

మేము విశేషముగ చెప్పదలచిన విషయము ఇచటనే యున్నది. ఈ చిత్రములను చూచి కొందరు, చూపు శ్రవణభాగమును ఆక్రమించుచున్నది కావున బిడ్డకు సైగలు నేర్పరాదు, నేర్పినచో పొలము పరుల పాలగును అని వాదింపసాగిరి. మిలాను సభ తీర్మానమే శాస్త్రపు దుస్తులు ధరించి తిరిగి వచ్చినది. ఈ వాదము నిలుచునా? 2005లో ఫైన్ మొదలగువారు సైగలెరిగిన బధిరులను, సైగలెరిగిన వినగలవారిని, సైగలెరుగని వినగలవారిని పోల్చి చూచిరి. శ్రవణభాగమున చూపు ప్రవేశించుట బధిరులలోనే కనబడెను. సైగల భాష బాగుగ నేర్చిన వినగలవారిలో కనబడలేదు. అనగా పొలమును బీడు పెట్టినది శబ్దము లేమియే గాని సైగ కాదు. 2010లో లోంబరు మొదలగువారు పుట్టుచెవిటి పిల్లులపై చేసిన పరిశోధన యందును శ్రవణభాగము చూపునకు తోడ్పడుచున్నట్లు తేలెను. పిల్లులకు సైగల భాషను ఎవరు నేర్పిరి? 2017లో ఇంగ్లండులోని నాటింగ్‌హాం పట్టణపు ఆండర్సన్ మొదలగువారు, అమరిక పొందిన పెద్దలలో పెదవుల కదలికకు శ్రవణభాగపు స్పందన హెచ్చినవారే మాటను మెరుగుగ గ్రహించిరని కనుగొనిరి. కన్ను చెవికి శత్రువన్న మాటయు ఇట్లు వీగిపోయినది.

వీనికంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. 2002లో మేబెరీ మొదలగువారు కనుగొన్న దేమనగా, శైశవమున ఏదో యొక భాషను, నోటిభాషయైనను సైగల భాషయైనను, చక్కగ పొందినవారు తరువాత వేరొక భాషను బాగుగ నేర్వగలరు. శైశవమున ఏ భాషయు పొందనివారు పిదప దేనిని నేర్చుటయు దుర్లభము. బిడ్డకు అసలు హాని చేయునది సైగ కాదు, భాషాశూన్యత. అమరిక ఫలించునో లేదో తెలియని కాలములో బిడ్డను ఏ భాషయు లేక ఉంచుట, పంట వచ్చిన తరువాత గాని అన్నము పెట్టమని చెప్పుట వంటిది.

ఈ చిత్రములకు మితిమీరిన గౌరవ మిచ్చుటయు తగదు. దీపము వెలిగినదని తెలియును గాని లోనివారు ఏమి మాటాడుకొనుచున్నారో తెలియదు. పలువురను కలిపి తీసిన సగటు ఒక బిడ్డ నుదుటివ్రాత కాదు. అమరికకు ముందు తీసిన చిత్రముల వలన ఫలమును ముందుగ అంచనా వేయు ప్రయత్నములు నేడు సాగుచున్నవి. అవి బిడ్డకు అదనపు శిక్షణ నిచ్చుటకు తోడ్పడవలెను గాని, ఈ బిడ్డకు ఫలింపదు అని తలుపు వేయుటకు సాధనము కారాదు. బధిరుల మాటను సయితము ఆలకింపవలెను. 1990లో అమెరికా ప్రభుత్వము పిల్లలకు అమరికను అనుమతింపగా ఆ దేశపు బధిరుల జాతీయ సంఘము 1991లో ఖండించెను. తమ భాషయు తమ సంఘమును నశించునని వారి భయము. మిలాను అనుభవమును తలచిన ఆ భయము నిర్హేతుకము కాదు. 2000లో అదే సంఘము తల్లిదండ్రుల స్వేచ్ఛను అంగీకరించుచు, భాషను మాత్రము మరువవద్దని హెచ్చరించెను. వినికిడిని ఇచ్చుట ఒక మేలు. ఉన్న భాషను తీసివేయుట వేరొక కీడు. మొదటిదానికై రెండవది చేయ నవసరము లేదు.

ఇక మన సంగతి. 2011 జనగణనమున మన దేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైగా నుండిరి. తెలుగునాట ఆరోగ్యశ్రీ పథకమున ఈ అమరికకు తావు లభించినది. కేంద్ర ప్రభుత్వమును 2014 నుండి తన పథకమున దీనిని చేర్చెను. 2016 చట్టము సంజ్ఞాభాషను గుర్తించినది. 2018లో భారత సంజ్ఞాభాషా నిఘంటువు మూడువేల పదములతో వెలువడినది. యంత్రము గలదు, చట్టము గలదు. లేనిదెల్ల కాలమే. చంటిబిడ్డ చప్పుళ్లకు ఉలికిపడకున్నను, ఏడాది దాటినను పలుకకున్నను, మన యిండ్లలో పెద్దలు ఏమందురో ఎల్లరకు తెలిసినదే: వీని మేనమామకును మాటలు ఆలస్యముగనే వచ్చినవి, వీనికిని వచ్చును లెమ్మందురు. ఆ మాట ఎంత ఆప్యాయముతో అన్నను దాని ఖరీదు బిడ్డకు తిరిగిరాని యేండ్లు. పుట్టిన కొలది దినములలోనే, బిడ్డ నిద్రించుచుండగనే, చెవిని పరీక్షించు సులభమైన సాధనములు నేడున్నవి. మేనరికములును మరువరాదు. తల్లిదండ్రులిరువురును గుప్తముగ మోయుచున్న ఒకే దోషము బిడ్డయందు కలిసినపుడు పుట్టుచెవుడు కలుగు అవకాశము హెచ్చును. దగ్గరి సంబంధములలో ఆ కలయిక సులభము. 1997లో ఇట్టి దోషములలో ముఖ్యమైనదానిని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఇది ఏ తల్లినిగాని నిందించుటకు చెప్పుట లేదు. సంబంధము కలుపుకొనుటకు ముందు ఆలోచించుటకు చెప్పుచున్నాము.

బధిరునికి బుద్ధి గలదా యని ధర్మశాస్త్రములు సందేహించినవి. భాష గలదా యని మిలాను సభ సందేహించినది. రెంటికిని వాని మెదడే ఉత్తరమిచ్చినది. ఇక మిగిలిన ప్రశ్న బధిరుని గూర్చినది కాదు, మనలను గూర్చినది. మెదడు ఒక భాషకొరకు తలుపు తెరచుకొని కాచుకొనియుండు తొలియేండ్లలో, చెవి ద్వారముననో కంటి ద్వారముననో, ఆ బిడ్డకు మాట నందించుటకు మన యిండ్లలో ఎందరు సిద్ధముగ నున్నారు?